పాత పీసీకి కొత్త గ్రాఫిక్స్ కార్డ్: ఎస్‌ఎంపీఎస్ మార్చాలా, వద్దా?



ఇవాళ్టి ఎపిసోడ్ పీసీలో ఎవరూ పట్టించుకోని డబ్బా గురించి. పీసీ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డ్ ఏది అని పది వీడియోలు చూస్తాం. ఎస్‌ఎంపీఎస్ దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి వేసెయ్ అన్నా" అనేస్తాం. ఐదారేళ్లు పోయాక కొత్త గ్రాఫిక్స్ కార్డ్ కొందామనుకున్న రోజున ఆ డబ్బా గుర్తొస్తుంది. దీంతో నడుస్తుందా, మార్చాలా? షాపులో అడిగితే ఒక మాట, ఫ్రెండ్‌ని అడిగితే ఇంకో మాట. ఎస్‌ఎంపీఎస్ అన్నా, పవర్ సప్లై అన్నా, పీఎస్‌యూ అన్నా ఒకటే. మన షాపుల్లో ఎస్‌ఎంపీఎస్ అంటారు కాబట్టి నేనూ అదే అంటాను.

ఈ టాపిక్ మీద నాకు వచ్చిన మెసేజ్‌లలోంచి ఒకటి తీసుకుని మొదటి నుంచి చివరి దాకా లెక్క చేద్దాం. నరసరావుపేట దగ్గర ఊరి నుంచి ఒక తమ్ముడు రాశాడు. 2017లో కొన్న పీసీ. ఐ5 6500 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డ్, ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక హార్డ్ డిస్క్, పేరున్న కంపెనీది 450 వాట్స్ ఎస్‌ఎంపీఎస్. రాత్రిళ్లు గేమ్స్ ఆడతాడు, పగలు అదే పీసీ మీద పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఇప్పుడు ఆర్‌టీఎక్స్ 4060 కొనాలి. షాపతను "750 వాట్స్ లేకుండా ఈ కార్డ్ పెట్టొద్దు, కాలిపోతే నన్ను అడగొద్దు" అన్నాడట. ఫ్రెండేమో "450 చాలురా, నాది నడవట్లేదా" అన్నాడట. "అన్నా, కార్డ్‌కి డబ్బులు కూడబెట్టడానికే రెండు పెళ్లిళ్ల సీజన్లు పట్టింది. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?" అని అడిగాడు.

ఇందులో రెండు రకాలుగా నష్టపోవచ్చు. భయపడి అవసరం లేని 750, 850 వాట్స్ కొంటే కొన్ని వేలు వృథా. ధైర్యం చేసి పాడైపోతున్న ఎస్‌ఎంపీఎస్ మీద పాతిక ముప్పై వేల కార్డ్ పెడితే, అది పోయే రోజున కార్డ్‌నో మదర్‌బోర్డ్‌నో తీసుకుపోవచ్చు. ముహూర్తాల టైమ్‌లో పీసీ ఆగిపోతే ఆ తమ్ముడికి పనే ఆగిపోతుంది. అందుకే ఎవరి మాటా వినకుండా లెక్క వేద్దాం. నాలుగు విషయాలు చూడాలి: ఎంత పవర్ కావాలి, మీ ఎస్‌ఎంపీఎస్ నిజంగా ఎంత ఇస్తుంది, కేబుల్స్ ఉన్నాయా, వయసు ఎంత. చాలామంది మొదటిది మాత్రమే చూసి ఆగిపోతారు. గొడవంతా చివరిదాంట్లో ఉంటుంది.

మొదటిది, ఎంత పవర్ కావాలి.

ఐ5 6500 రేటింగ్ 65 వాట్స్. ఆర్‌టీఎక్స్ 4060 రేటింగ్ 115 వాట్స్. మదర్‌బోర్డ్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్, ఫ్యాన్లు అన్నీ కలిపి 50 వేసుకుందాం, కాస్త ఎక్కువే వేసినట్టు. మొత్తం 230 వాట్స్. ఇప్పుడున్న 1050 టీఐ 75 వాట్స్ కార్డ్. అంటే కార్డ్ మారిస్తే పెరిగేది 40 వాట్స్. మన ఇళ్లల్లో పాతకాలం ట్యూబ్‌లైట్ ఉండేది చూడండి, అలాంటిది ఒకటి ఎక్కువ వెలిగించినట్టు. అంతే.

మరి ఎన్విడియా వాళ్లు 4060కి 550 వాట్స్ ఎస్‌ఎంపీఎస్ పెట్టమని ఎందుకు రాశారు? ఆ కార్డ్‌ని మీరు ఏ ప్రాసెసర్ పక్కన పెడతారో వాళ్లకి తెలీదు. ఐ9 14900కే లాంటిది ఫుల్ లోడ్‌లో ఒక్కటే 253 వాట్స్ దాకా తీసుకుంటుంది. మీ ఎస్‌ఎంపీఎస్ మంచిదో నాసిరకమో కూడా వాళ్లకి తెలీదు. అందుకని అందరికీ సరిపోయేలా ఒక నంబర్ వేస్తారు. అది తప్పేం కాదు, కానీ మీ పీసీకి వేసిన లెక్క కాదది.

మీ దగ్గర వేరే కార్డ్ ఉంటే ఇవి రాసుకోండి. ఆర్‌ఎక్స్ 6600 అయితే 132 వాట్స్. ఆర్‌టీఎక్స్ 5060 అయితే 145. ఆర్‌ఎక్స్ 7600 అయితే 165. ఆర్‌టీఎక్స్ 3060 అయితే 170. ఫ్యాక్టరీలోనే ఓవర్‌క్లాక్ చేసిన మోడల్స్ దీనికంటే కొంచెం ఎక్కువ తాగుతాయి. సొంతంగా ఓవర్‌క్లాక్ చేస్తే ఇంకొంచెం.

వచ్చిన మొత్తం మీ ఎస్‌ఎంపీఎస్ అసలు కెపాసిటీలో 60, 70 శాతం దాటకుండా చూసుకుంటే చాలు. ఎప్పుడూ 95 శాతం మీద నడిపితే వేడి ఎక్కువ, ఫ్యాన్ మోత ఎక్కువ, ఆయుష్షు తక్కువ.

రెండోది, మీ ఎస్‌ఎంపీఎస్ నిజంగా ఎంత ఇస్తుంది.

నేను "అసలు కెపాసిటీ" అన్నాను, గమనించారా? డబ్బా మీద పెద్దక్షరాల్లో 450 అని ఉంటే అంతా 450 అనుకుంటారు. సైడ్ ప్యానెల్ తీసి లేబుల్ చూడండి. చిన్న టేబుల్ ఒకటి ఉంటుంది. అందులో 3.3 వోల్ట్, 5 వోల్ట్, ప్లస్ 12 వోల్ట్ అని గళ్లు, వాటి కింద ఆంప్స్. ఇప్పటి పీసీలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ పవర్‌లో ఎక్కువ భాగం 12 వోల్ట్ లైన్ నుంచే తీసుకుంటాయి. కాబట్టి ఆ ఒక్క గడే ముఖ్యం. ఆ ఆంప్స్‌ని 12తో గుణించండి.

ఇప్పుడు నా టేబుల్ మీద రెండు డబ్బాలున్నాయి. రెండిటి మీదా 450 అనే ఉంది. మొదటిదాంట్లో 12 వోల్ట్ దగ్గర 34 ఆంప్స్. 34 ఇంటూ 12, 408 వాట్స్. రెండోది కేబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చింది. దీంట్లో 18 ఆంప్స్. 18 ఇంటూ 12, 216 వాట్స్. మిగతా నంబర్ అంతా 3.3, 5 వోల్ట్ లైన్ల మీద చూపించి 450 చేశారు. పెంటియమ్ 4 రాకముందు ప్రాసెసర్లు ఆ చిన్న లైన్ల నుంచి పవర్ తీసుకునేవి కాబట్టి అప్పట్లో అది పనికొచ్చేది. ఇప్పుడు దాన్ని వాడుకునేవాళ్లే లేరు. మనకి కావాల్సింది 230, ఇది ఇచ్చేది 216. అది కూడా లేబుల్ నిజం చెబుతోందని నమ్మితే.

కొన్నింట్లో 12 వోల్ట్ 1, 12 వోల్ట్ 2 అని రెండు గళ్లు ఉంటాయి. రెండూ కూడేసుకోకండి. కింద రెండిటికీ కలిపి గరిష్ఠంగా ఎన్ని వాట్స్ అని విడిగా రాసి ఉంటుంది, అదే లెక్క.

80 ప్లస్ స్టిక్కర్ గురించి కూడా ఒక మాట. బ్రాంజ్, గోల్డ్ అనేవి గోడ నుంచి తీసుకున్న కరెంట్‌లో ఎంత శాతం పీసీకి చేరుతుంది, ఎంత వేడి కింద పోతుంది అనే లెక్క. అందులో షార్ట్ సర్క్యూట్ ప్రొటెక్షన్ ఎలా ఉంది, కెపాసిటర్లు ఎన్నాళ్లుంటాయి అనేవి ఉండవు. స్టిక్కర్ ఉంటే మంచిదే. స్టిక్కర్ ఉంది కాబట్టి అంతా బాగుంటుందని మాత్రం అనుకోవద్దు.

ఇక్కడ మొదటి తీర్పు ఇచ్చేద్దాం. మీది కేబినెట్‌తో ఫ్రీగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ అయినా, లేబుల్ మీద 12 వోల్ట్ ఆంప్స్ అసలు రాయకపోయినా, ఆలోచించొద్దు, మార్చేయండి. కార్డ్ కంటే ముందు అదే మార్చండి. మన తమ్ముడు ఫోటో పంపాడు. అతనిది 34 ఆంప్స్ ఉన్న రకం. 408లో 230 అంటే 56 శాతం. ఇప్పటిదాకా ఫ్రెండ్ చెప్పిందే కరెక్ట్.

మూడోది, కేబుల్స్.

మదర్‌బోర్డ్ మీద కార్డ్ పెట్టే స్లాట్ 75 వాట్స్ దాకా ఇస్తుంది. 1050 టీఐ లాంటి కార్డులు చాలావరకు దాంతోనే బతికేస్తాయి, విడిగా కేబుల్ అక్కర్లేదు. దానికంటే పెద్ద కార్డ్‌కి ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా కేబుల్ రావాలి. 6 పిన్ అయితే ఇంకో 75 వాట్స్, 8 పిన్ అయితే 150. మార్కెట్లో ఉన్న 4060 కార్డుల్లో చాలావాటికి ఒక్క 8 పిన్ చాలు. మీ ఎస్‌ఎంపీఎస్ నుంచి 6 ప్లస్ 2 పిన్ కేబుల్ ఒకటి వేలాడుతోందా లేదా చూడండి. ప్రాసెసర్‌కి పెట్టే 4 ప్లస్ 4 కేబుల్ కూడా చూడటానికి దీనిలాగే ఉంటుంది. అది వేరే, ఇది వేరే. బలవంతంగా నొక్కి పెట్టొద్దు.

కేబుల్ లేకపోతే షాపుల్లో వంద రూపాయల కన్వర్టర్ ఇస్తారు, సాటా నుంచి 6 పిన్, 8 పిన్ అని. హార్డ్ డిస్క్‌కి పెట్టే సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్ట్‌కి మూడు పిన్స్, ఒక్కోటి 1.5 ఆంప్స్. మొత్తం 4.5 ఆంప్స్, అంటే 54 వాట్స్. 150 వాట్స్ అడిగే చోట 54 వాట్స్ కనెక్టర్ పెడితే ప్లాస్టిక్ కరగదా? సరిపడా కేబుల్ లేకపోవడమే ఆ ఎస్‌ఎంపీఎస్ అలాంటి కార్డ్ కోసం తయారు కాలేదని చెప్పడం. కన్వర్టర్‌తో దాని నోరు మూయించొద్దు.

మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. ఎస్‌ఎంపీఎస్ వైపు పెట్టే సాకెట్‌కి అందరికీ ఒకే స్టాండర్డ్ లేదు. ఒక కంపెనీ కేబుల్ ఇంకో కంపెనీ డబ్బాకి చక్కగా పట్టేస్తుంది, కానీ లోపల వోల్టేజీలు వేరే పిన్స్‌లో ఉండొచ్చు. ఆన్ చేయగానే ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ పోతాయి. డబ్బా మారిస్తే దాని కేబుల్స్ అన్నీ మార్చాల్సిందే.

తమ్ముడిదాంట్లో 6 ప్లస్ 2 పిన్ ఒకటి ఉంది. ఇక్కడా పాసే.

నాలుగోది వయసు. కొంచెం నెమ్మదిగా చూద్దాం.

ఎస్‌ఎంపీఎస్ లోపల కెపాసిటర్లు ఉంటాయి. వాటర్ ట్యాంక్ లాంటివి అనుకోండి. గోడ నుంచి వచ్చే కరెంట్ ఎగుడుదిగుడుగా వస్తుంది, పీసీకి మాత్రం కుదురుగా వెళ్లాలి. ఆ తేడాని ట్యాంక్ సర్దుతుంది. వీటిలో చాలావాటి లోపల తడి రసాయనం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ, వేడికి అది ఆరిపోతూ ఉంటుంది. ట్యాంక్ చిన్నదవుతూ వస్తుందన్నమాట. ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: వేడి 10 డిగ్రీలు తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు దాదాపు రెట్టింపు. తిరగేస్తే, 10 డిగ్రీలు పెరిగితే సగం.

ఇప్పుడు మన వాతావరణం తలుచుకోండి. తమ్ముడిది పల్నాడు. ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు ఎందుకొస్తుందో మీకు తెలుసు. ఏసీ లేని గదిలో, గోడకి ఆనించిన కేబినెట్‌లో, దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టర్ వెనకాల నడిచే ఎస్‌ఎంపీఎస్‌కి, చల్లటి గదిలో నడిచేదానికి ఒకే వయసు లెక్కేస్తే ఎలా? పైగా మంచి కంపెనీలు "ఇంత వేడి దాకా ఫుల్ వాట్స్ ఇస్తుంది" అని రాస్తాయి. కొన్నింటికి అది 40 డిగ్రీలు, కొన్నింటికి 50. మే నెలలో కేబినెట్ లోపల 40 దాటడం మనకి పెద్ద విషయం కాదు.

మరి ఎన్నేళ్లకి మార్చాలి? కచ్చితమైన తేదీ ఉండదు. నేను చూసేది వారంటీ. 3 ఏళ్లు, 5, 7, 10 ఏళ్లు ఇచ్చేవి ఉన్నాయి. తన వస్తువు ఎన్నాళ్లుంటుందో అందరికంటే కంపెనీకే బాగా తెలుసు. వారంటీలో ఉంది, లక్షణాలేమీ లేవు, లెక్క సరిపోయింది అంటే ముట్టుకోవద్దు. వారంటీ దాటి ఏళ్లయింది, ఇప్పుడు దాని మీద ఖరీదైన కార్డ్ పెడుతున్నారు అంటే మార్చడం వైపే మొగ్గండి. లక్షణాలు కూడా ఉంటే చర్చే లేదు.

ఏమిటా లక్షణాలు?

ఒకటి, గేమ్ మధ్యలోనో, వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడో బ్లూ స్క్రీన్ లేకుండా, ఎర్రర్ లేకుండా టక్కున ఆగిపోవడం లేదా రీస్టార్ట్ అవడం. ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తుంది. అది చూసి చాలామంది "దొరికింది, ఎస్‌ఎంపీఎస్సే" అనేస్తారు. ఆగండి. "పీసీ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగింది" అని మాత్రమే దానర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు. ముందు టెంపరేచర్లు చూడండి, ప్రాసెసర్ పేస్ట్ ఎండిపోయినా ఇలాగే అవుతుంది. తర్వాత ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో కార్డ్ పవర్ లిమిట్ 70 శాతానికి తగ్గించి అదే గేమ్ ఆడండి. ఆగిపోవడం మాయమైతే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదకి గట్టిగా వెళ్తుంది. ఫ్రెండ్ దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ ఉంటే, దాని కేబుల్స్‌తో సహా తెచ్చి ఒక రోజు నడిపి చూడండి. దీన్ని మించిన టెస్ట్ లేదు.

రెండు, వోల్టేజ్. ఏటీఎక్స్ స్టాండర్డ్ ప్రకారం 12 వోల్ట్ లైన్ 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే 11.4 నుంచి 12.6 మధ్య. లోడ్ పడగానే 11.4 కిందకి జారితే మార్చే టైమ్ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో కనిపించే నంబర్ చాలా మదర్‌బోర్డుల్లో సరిగ్గా ఉండదు, దాన్ని చూసి భయపడొద్దు. మల్టీమీటర్ పట్టడం వచ్చినవాళ్లతో చూపించుకోండి.

మూడు, మాడు వాసన, కొత్తగా మొదలైన కీచుమనే మోత, తిరగని ఫ్యాన్. మాడు వాసన వస్తే అప్పుడే ప్లగ్ పీకేయండి. డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్ట్స్ పైనే నిలిచి ఉండొచ్చు. యూట్యూబ్ చూసి విప్పే వస్తువు కాదది.

నాలుగోది మన ఇళ్లల్లో ఉచితంగా దొరికే టెస్ట్, ఇన్వర్టర్. కరెంట్ పోయి ఇన్వర్టర్ మీదకి మారేటప్పుడు కొన్ని మిల్లీసెకన్ల గ్యాప్ ఉంటుంది. ఆ గ్యాప్‌లో పీసీని నిలబెట్టేది ఎస్‌ఎంపీఎస్ లోపలి ఆ ట్యాంకే. ఏటీఎక్స్ స్టాండర్డ్ ప్రకారం ఇన్‌పుట్ పోయినా సుమారు 16 మిల్లీసెకన్లు పీసీని నడపగలగాలి. ట్యాంక్ ఎండిపోయేకొద్దీ ఆ టైమ్ తగ్గుతుంది. కాబట్టి ఒకప్పుడు ఇన్వర్టర్ మారినా ఆగని పీసీ ఇప్పుడు ప్రతిసారీ రీస్టార్ట్ అవుతోందంటే ఎస్‌ఎంపీఎస్ వయసు చెబుతోందని అర్థం. కానీ ముందు ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని స్విచ్ ఉందేమో చూడండి. ఎవరో ఎకోలో పెట్టేసి ఉంటే గ్యాప్ ఎక్కువవుతుంది, అప్పుడు తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది కాదు.

ఎస్‌ఎంపీఎస్ మీద అన్యాయంగా వేసే నింద కూడా ఒకటుంది. "అన్నా, కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది, ఎస్‌ఎంపీఎస్ పోయిందా?" అని అడుగుతుంటారు. చాలాసార్లు అది ఎర్తింగ్ లేని ప్లగ్ పాయింట్. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్‌లోని చిన్న కెపాసిటర్లు కొంచెం లీకేజీని ఎర్త్ వైర్‌లోకి పంపుతాయి, డిజైనే అంత. ఎర్త్ లేకపోతే అది కేబినెట్ మీదే ఉండిపోతుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ కొన్నా జిల్లుమంటూనే ఉంటుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. మీ ప్రాణానికీ, పీసీకీ అది మంచిది.

ఇప్పుడు తమ్ముడి సంగతి. వారంటీ 3 ఏళ్లు, 2020లోనే అయిపోయింది. ఏసీ లేని గది. "ఇన్వర్టర్ మారేటప్పుడు పీసీ ఏం చేస్తుంది?" అని అడిగాను. "రెండేళ్ల కిందటి దాకా ఏమీ అయ్యేది కాదన్నా, ఇప్పుడు ప్రతిసారీ రీస్టార్టే. ఇన్వర్టర్ బ్యాటరీ పోయిందనుకుంటున్నాం" అన్నాడు. స్విచ్ చూడమన్నాను, యూపీఎస్ మోడ్‌లోనే ఉంది. అదే ఇన్వర్టర్ మీద వాళ్ల అక్క కొత్త పీసీ నడుస్తోంది, అది ఆగట్లేదు. ఇంకేం కావాలి?

కాబట్టి తీర్పు ఇది. మార్చాలి. షాపతను చెప్పినందుకు కాదు, వాట్స్ చాలక అసలే కాదు. వయసైపోయింది కాబట్టి. 750 అక్కర్లేదు, మంచి 550 వాట్స్ సరిపోతుంది. సుమారు నాలుగైదు వేలలో వస్తుంది. ఫ్రెండ్ వేసిన లెక్క కరెక్టే, కానీ అతను డబ్బా వయసు చూడలేదు. షాపతను మార్చమనడం కరెక్టే, కానీ చెప్పిన కారణం, చెప్పిన సైజు రెండూ తప్పు.

ఒక వరస కూడా చెప్పాను. ముందు ఎస్‌ఎంపీఎస్ కొని పెట్టు. పాత కార్డ్‌తోనే ఒక వారం పని చేసుకో, ఇన్వర్టర్ రీస్టార్ట్ పోయిందో లేదో చూసుకో. తర్వాత కార్డ్ కొను. రెండూ ఒకే రోజు మారిస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు ఏది కారణమో తేల్చలేవు. కార్డ్ ముందు కొంటే, డబ్బులన్నీ దానికే అయిపోయి, "ఈ నెల పాతదాని మీదే నడిపేద్దాం" అనిపిస్తుంది. ఆ నెలే ప్రమాదం.

మీ పరిస్థితి ఇది కాకపోవచ్చు. ఇంకో రెండు రకాలు త్వరగా చూసేద్దాం.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, ఆన్‌లైన్‌లోనో సెకండ్ హ్యాండ్ ఆఫీస్ పీసీ కొని గేమింగ్‌కి మార్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. డెల్ ఆప్టిప్లెక్స్ 9020 టవర్ లాంటివి. దాంట్లో 290 వాట్స్ ఎస్‌ఎంపీఎస్ ఉంటుంది. మదర్‌బోర్డ్‌కి వెళ్లేది మామూలు 24 పిన్ కాదు, 8 పిన్. బజార్లో దొరికే ఎస్‌ఎంపీఎస్ నేరుగా పట్టదు. అలాంటి పీసీకి స్లాట్ పవర్‌తో నడిచే కార్డ్ పెట్టుకోవడం తెలివైన పని. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ మోడల్ 70 వాట్స్, కేబుల్ అక్కర్లేనివి దొరుకుతాయి. 8 జీబీ మోడల్ 130 వాట్స్, పొరపాటున అది తెచ్చుకోకండి. పేరు ఒకటే, కార్డ్ వేరు.

రెండో రకం, సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3080 లాంటి పెద్ద కార్డ్ తీసుకునేవాళ్లు. దాని రేటింగ్ 320 వాట్స్, కంపెనీ చెప్పే ఎస్‌ఎంపీఎస్ 750. ఇక్కడ ఆ నంబర్‌ని సీరియస్‌గా తీసుకోండి. ఈ తరం పెద్ద కార్డులు క్షణంలో చిన్న భాగం పాటు రేటింగ్ కంటే చాలా ఎక్కువ లాగుతాయి. పాత ఎస్‌ఎంపీఎస్ దాన్ని షార్ట్ సర్క్యూట్ అనుకుని ఆపేస్తుంది. కాగితం మీద లెక్క సరిపోతుంది, పీసీ మాత్రం ఆగిపోతుంది. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 స్టాండర్డ్‌లో, కొత్త 16 పిన్ కనెక్టర్ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు 100 మైక్రోసెకన్ల పాటు తమ రేటింగ్‌కి రెండు రెట్ల లోడ్‌ని తట్టుకోవాలని పెట్టారు. పెద్ద కార్డ్ అయితే 3.0 లేదా తర్వాతి 3.1 అని రాసి ఉన్నది కొనండి. 4060, 6600 లాంటి చిన్న కార్డులకి ఇంత టెన్షన్ అక్కర్లేదు.

కొనేటప్పుడు ఇంట్లో వచ్చే ప్రశ్న ఒకటుంది. "550 అంటున్నావు, పాతది 450. కరెంట్ బిల్లు పెరగదా?" పెరగదు. 550 అనేది ఇవ్వగలిగే గరిష్ఠం. పీసీ 230 అడిగితే 230 ఇస్తుంది, పైన కొంచెం వేడి కింద పోతుంది. పెద్ద బిందె కొన్నంత మాత్రాన ఎక్కువ దాహం వేయదు కదా.

మరి గోల్డ్ కొంటే బిల్లు తగ్గుతుందా? పీసీ లోపల 250 వాట్స్ వాడుతోంది అనుకుందాం. 80 శాతం ఎఫిషియెన్సీ అయితే గోడ నుంచి 312 వాట్స్. 90 శాతం అయితే 278. తేడా సుమారు 35 వాట్స్. రోజుకి 4 గంటలు ఆడితే ఏడాదికి 50 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే 400 రూపాయలు. గోల్డ్‌కి రెండు వేలు ఎక్కువ పెడితే బిల్లులో తిరిగి రావడానికి ఐదేళ్లు. గోల్డ్‌లో వారంటీ ఎక్కువ ఉంటే ఆ కారణంతో కొనండి, బిల్లు కోసం మాత్రం వద్దు.

కొన్నాక ఇంకో జాగ్రత్త. కొన్ని పాత, చవక ఎస్‌ఎంపీఎస్‌ల వెనకాల 115, 230 అని ఎర్ర స్విచ్ ఉంటుంది. మనది 230. ఎవరైనా సరదాగా దాన్ని 115కి జరిపి ఆన్ చేస్తే ఢామ్మే. ఇంట్లో చిన్నపిల్లలుంటే దాని మీద టేప్ వేయండి.

సరే, మొత్తం ఒక్కసారి చెప్పేస్తాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి. ప్రాసెసర్, కార్డ్, ఇంకో 50 వాట్స్ కూడండి. లేబుల్ మీద 12 వోల్ట్ ఆంప్స్‌ని 12తో గుణించండి. మొదటిది రెండోదాంట్లో 70 శాతం లోపుందా? కన్వర్టర్ లేకుండా కార్డ్‌కి కేబుల్ ఉందా? వారంటీలో ఉందా? లక్షణాలేమీ లేవా? అన్నిటికీ అవును అయితే ఆ డబ్బులు కార్డ్‌లో పెట్టుకోండి, ఎస్‌ఎంపీఎస్ జోలికి వెళ్లొద్దు. ఫ్రీగా వచ్చిన డబ్బా అయినా, కేబుల్ లేకపోయినా, లక్షణాలున్నా మార్చండి. అన్నీ బాగుండి వారంటీ ఒక్కటే దాటితే, మీరు పెట్టే కార్డ్ ఖరీదు, మీ గది వేడి చూసి తేల్చుకోండి. పదివేల కార్డ్‌కీ, ముప్పై వేల కార్డ్‌కీ నా సమాధానం ఒకటి కాదు.

ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి, పీసీ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, సైడ్ ప్యానెల్ విప్పి లేబుల్ ఫోటో తీసుకోండి. ఐదు నిమిషాల పని. షాపుకి వెళ్లినప్పుడు ఆ ఫోటో చూపించి "నా 12 వోల్ట్ ఇంత, నా లెక్క ఇంత" అని చెప్పండి. అప్పుడు అవతలి వాళ్లు మాట్లాడే పద్ధతే మారుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఇలాంటి పాత ఐ5 మీద కొత్త కార్డ్ పెడితే ప్రాసెసర్ ఎంతవరకు వెనక్కి లాగుతుందో నంబర్లతో చూద్దాం. అప్పటిదాకా జాగ్రత్త. ఉంటాను, బై.